లోహ పంచాంగం

గాలిలో సీసం ఉంటే తప్పు గాలిది కాదు, సీసం ఉన్న చోట, సీసం ఉన్న వేళ ఊపిరి పీల్చిన మనిషిది అని మా మండలి తీర్మానించిన రోజున నేను ఆ గదిలోనే ఉన్నాను. కాగితాల కవర్లు చేత్తో పట్టుకుని తలుపు పక్కన నిలబడ్డాను. ఆ తీర్మానాన్ని అందరూ బల్లలు చరిచి మెచ్చుకున్నారు. నా చేతులు ఖాళీగా లేవు.

మా మండలి పూర్తి పేరు నగర వాయు లోహ పర్యవేక్షణ మండలి. అందులో నా పని కాగితాలు మార్చడం. ఒక ఇనప పెట్టె ఉంటుంది. దాని కప్పు ఎత్తితే లోపల పలకంత తెల్ల కాగితం. కింద మోటారు తిరుగుతూ ఆ కాగితం గుండా గాలిని లాగుతుంది. గాలి పోతుంది, గాలిలో ఉన్నది కాగితం మీద ఆగిపోతుంది. పగలు నాలుగు గంటలకొకసారి పాత కాగితాన్ని పటకారుతో తీసి, కవరులో పెట్టి, కవరు మీద చోటూ వేళా రాసి, కొత్తది పెట్టాలి. రాత్రంతటికీ కలిపి ఒకటే కాగితం. కవర్లు ల్యాబుకి పోతాయి. అక్కడ వాళ్లు కాగితాన్ని యాసిడ్‌లో ఉడకబెట్టి, ఏ లోహం ఎంతుందో తేలుస్తారు. కవరు మీద నేను ఏ ఊరు రాస్తే ల్యాబుకి అదే ఊరు, ఏ వేళ రాస్తే అదే వేళ. వాళ్లు ఎప్పుడూ వచ్చి చూడలేదు.

నాకు రెండు పెట్టెలు అప్పగించారు. ఒకటి బట్టీ సందులో మునిసిపల్ ప్రాథమిక పాఠశాల డాబా మీద. రెండోది ఆఫీసర్ల కాలనీ క్లబ్బు డాబా మీద. మధ్య రెండు కిలోమీటర్లు సైకిల్ తొక్కుతాను. కాలనీ కాగితం తీసేటప్పుడు కూడా పెట్టినప్పుడు ఉన్నట్టే ఉండేది. అసలు మోటారు వేశానా లేదా అని వెనక్కి వెళ్లి చూసిన రోజులున్నాయి. బట్టీ సందు కాగితం బూడిద రంగులో, కొద్దిగా మెరుస్తూ, బరువుగా వచ్చేది. అక్కడ పిచ్చేశ్వరరావు గారికి బట్టీ ఉంది. పాత లారీ బ్యాటరీలు పగలగొట్టి, లోపలి పలకలు కరిగించి, సీసం దిమ్మెలు పోస్తారు. బట్టీ గొట్టానికీ బడి కిటికీకీ మధ్య ఒక ప్రహరీ గోడ. ఆ గోడ నా భుజం దాకా వస్తుంది.

బడి హెడ్‌మిస్ట్రెస్ కరుణకుమారి టీచరు. ముప్పై ఎనిమిది మంది పిల్లలు. ఒకరోజు నేను కాగితం మార్చి మెట్లు దిగుతుంటే ఆవిడ ఎదురొచ్చింది. ఆవిడ చీర కుచ్చిళ్లు పట్టుకుని మూడో తరగతి పిల్ల సుభాషిణి ఉంది. రెండో చేతిని కడుపు మీద పెట్టుకుంది.

"బాబాయ్, ఈ పిల్లకి మళ్లీ కడుపు నొప్పి. పెద్దాసుపత్రిలో రక్తం చూపించాం. సీసం ఉందన్నారు. మందులిస్తాం గానీ ముందు ఆ గాలి నుంచి తీసెయ్యండి అన్నారు. మీ కాగితంలో ఏముంది?"

"సీసమేనమ్మా."

"మరి మీ మండలి ఏం చేస్తోంది?"

"కాగితాలు తీసుకుంటోందమ్మా."

ఆవిడ ఆరోజే అర్జీ రాసింది. బట్టీని ఇక్కడి నుంచి తీయించండి, ముప్పై ఎనిమిది మందిలో పదకొండు మందికి రక్తంలో సీసం తేలింది అని రాసింది. ఆ అర్జీ మీదనే సమావేశం పెట్టారు.

మా డైరెక్టరు వామనమూర్తి గారు గొప్ప చదువరి. గోడ మీద తెర దించి, రంగు రంగుల గీతలు చూపించారు.

"సభ్యులు గమనించవలసినది ఏమనగా, లోహ కాలుష్యం స్థిరం కాదు. అది చోటును బట్టి మారుతుంది. వేళను బట్టి మారుతుంది. బస్టాండులో రాగి. రైల్వే గేటు దగ్గర ఇనుము. బట్టీ సందులో సీసం. అది కూడా ఉదయం అధికం, మధ్యాహ్నం రెండు దాటాక అల్పం. చలికాలపు రాత్రులు గాలి నేలకు దిగిపోతుంది కనుక అన్ని చోట్లా అధికం. అనగా అర్థమేమి?"

కర్రతో తెర మీద ఒక గీతను తట్టి ఆయనే చెప్పారు.

"అనగా నగరంలో ఎక్కడో ఒకచోట, ఏదో ఒక వేళ, మంచి గాలి సదా లభ్యమే. పౌరుడు ఆ చోటికి, ఆ వేళకు చేరుకోకపోవడమే సమస్య. మన ప్రజలకు మంచి వేళ, చెడ్డ వేళ చూసుకునే సంస్కారం తరతరాలుగా ఉన్నది. వర్జ్యం చూడనిదే గడప దాటరు. ఆ సంస్కారాన్ని మనం శాస్త్రీయంగా వినియోగించుకోవాలి."

అలా లోహ పంచాంగం పుట్టింది. పదిహేను రోజులకొకటి చొప్పున అచ్చువేశారు. పసుపు అట్ట. లోపల పేట పేటకీ సీస వర్జ్యం, రాగి దుర్ముహూర్తం, నికెల్ వేళలు. వెనక అట్ట మీద లోహాలకు రాజపూజ్యం, అవమానం కూడా వేశారు. ఆ నెల సీసానికి రాజపూజ్యం ఏడు. కిరాణా కొట్ల ముందు జనం గుమిగూడి చదువుకున్నారు. ఒక పెళ్లివారు ముహూర్తం లగ్నానికి కుదిరి కాడ్మియానికి కుదరక, పెళ్లి వాయిదా వేసుకున్నారని విన్నాను. మండలి ఆ పెళ్లివారికి అభినందన పత్రం పంపింది.

బడికి వచ్చిన ఉత్తర్వు చిన్నది. 'బట్టీ సందులో మధ్యాహ్నం రెండు నుండి ఆరు వరకు సీసం అత్యల్పం. కావున పాఠశాల ఆ వేళలలో మాత్రమే శ్వాసించవలెను.' బడి నడపవలెను అని రాయబోయి అలా రాశారేమో అనుకున్నాను. కాదు, శ్వాసించుట అనగా ఊపిరి పీల్చుట, వదులుట అని కిందనే నిర్వచనం ఇచ్చారు.

టీచరు ఆ మాటా పాటించింది. రెండింటికి గంట కొట్టించింది. మొదటి వారం బాగానే ఉంది. పిచ్చేశ్వరరావు గారు తెల్లారి వెలిగించి రెండింటికి ఆర్పేవారు కనుక బడి వేళకి గొట్టంలో పొగ ఉండేది కాదు. సుభాషిణి రెండు రోజులు కడుపు పట్టుకోకుండా కూర్చుంది.

రెండో వారం పిచ్చేశ్వరరావు గారు పంచాంగం చంకలో పెట్టుకుని మండలికి వచ్చారు.

"అయ్యా, పొద్దున పూట సీసం ఎక్కువగా ఉంటందని మీరే అచ్చేశారు. ఎక్కువున్న వేళలో నేను మళ్లా బట్టీ వెలిగిస్తే ఇంకా ఎక్కువవదా? అది తప్పు కాదా? తక్కువున్న వేళ ఏదో ఆ వేళకి నన్ను మార్చండి. చట్టానికి ఎదురుపోయే మనిషిని కాను నేను."

డైరెక్టరు గారు కళ్లజోడు తీసి ఆయన్ను ఆప్యాయంగా చూశారు.

"పరిశ్రమాధిపతులలో ఇంతటి పర్యావరణ స్పృహ నేను ఎన్నడూ చూడలేదు. గాలిలో ఖాళీ ఉన్న వేళనే గదా వదలవలసినది!"

బట్టీకి కూడా రెండు నుంచి ఆరు ఇచ్చారు. ఎనిమిది గంటల బ్యాటరీలు నాలుగు గంటల్లో కరిగించాలి కనుక మంట రెట్టింపు చేశారు. ఆ పక్షం నా కాగితాల్లో మధ్యాహ్నానిది అన్నిటికన్నా ముదురుగా వచ్చింది. కొత్త పంచాంగంలో అత్యల్ప వేళ పది నుంచి రెండుకి మారింది. బడి పదింటికి మారింది. పంచాంగం చూసి బట్టీ కూడా పదింటికి మారింది. తరువాతి పక్షం మళ్లీ రెండింటికి. రెండూ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని తిరిగినట్టు తిరిగాయి.

టీచరు మండలి ఆఫీసుకు వచ్చింది. డైరెక్టరు గారి గదిలో నేను కవర్లు ఇస్తున్నాను.

"సార్, మేము ఏ వేళకి మారితే బట్టీ ఆ వేళకే వస్తోంది."

"అనగా ఉభయ పక్షాలూ చట్టాన్ని తుచ తప్పకుండా పాటిస్తున్నారు. సంతోషం."

"పిల్లలకి ఒంట్లో బాగుండట్లేదు సార్."

"అమ్మా, కాలం మీకు అనుకూలించకపోతే స్థలం ఉన్నది కదా! పంచాంగంలో రెండు భాగాలు. మీరు ఒకటే చదివినట్టున్నారు."

టీచరు పంచాంగం తిరగేసింది. నగరం మొత్తంలో అత్యల్ప సీస స్థలం: ఆఫీసర్ల కాలనీ పార్కు.

"సరే సార్," అంది.

మర్నాటి నుంచి ముప్పై ఎనిమిది మంది జంటలు జంటలుగా చేతులు పట్టుకుని రెండు కిలోమీటర్లు నడిచి పార్కుకు వచ్చారు. టీచరు ముందు, ఆయా వెనక. చెట్ల కింద కూర్చుని తెలుగు, లెక్కలు చదివారు. కాలనీ వాళ్లు మొదట ముచ్చటపడి బిస్కట్లు పంచారు. తొమ్మిది రోజులు జరిగింది. పదో రోజున క్లబ్బు డాబా మీద కాగితం తీస్తే సన్నగా బూడిద రంగు కనబడింది. పిల్లల జుట్టులో, జేబుల్లో, పుస్తకాల సంచుల మడతల్లో ఏళ్ల తరబడి దాగిన ధూళి. ఆటల గంటలో పరుగెత్తితే లేస్తుంది. నేను కవరు మీద చోటూ వేళా రాసి పంపాను. దాచడం నా పని కాదు.

డైరెక్టరు గారు మళ్లీ తెర దించారు.

"కాలనీలో సీసం నమోదైంది. కాలనీలో బట్టీ లేదు. కొత్తగా వచ్చినది ఏది? పిల్లలు. వచ్చేటప్పుడు వస్తోంది, పోయేటప్పుడు పోతోంది. సభ్యులారా, శాస్త్రం కరుణ ఎరుగదు. వీరు చలన కాలుష్య మూలాలు."

చలన మూలం అంటే మండలి నిబంధనల్లో బస్సు, లారీ, ఆటో. వాటికి ఆరు నెలలకొకసారి పొగ పరీక్ష చేసి స్టిక్కరు అంటించాలి. పార్కు గేటు దగ్గరికి పొగ పరీక్ష వ్యాను వచ్చింది. పిల్లల్ని వరసలో నిలబెట్టి రబ్బరు గొట్టంలోకి ఊదమన్నారు. రెండో తరగతి వాడొకడు ఈల వేశాడు. వాడిని శబ్ద కాలుష్యం విభాగానికి రాశారు. మిగతా వాళ్లంతా ఉత్తీర్ణులయ్యారు.

"ఊపిరి శుభ్రంగానే ఉందమ్మా," అన్నాడు వ్యాను ఇన్‌స్పెక్టరు.

"సీసం ఊపిరిలో కాదయ్యా, రక్తంలో ఉంది."

"రక్తం మా పరిధి కాదండీ. అది ఆరోగ్యశాఖ."

ముప్పై ఎనిమిది చొక్కాల మీద పచ్చ స్టిక్కర్లు అంటించారు. ఆ స్టిక్కరుతో నగరంలో ఏ వేళనైనా, ఏ చోటనైనా తిరగవచ్చు. సీస వర్జ్యాలు వర్తించవు. ఒక్కటే షరతు, చలన మూలం చలిస్తూ ఉండాలి. నిలిస్తే నిలుపుదల నేరం. టీచరు పార్కు చుట్టూ నడుస్తూ ఎక్కాలు చెప్పింది. పదమూడో ఎక్కానికి మూడు చుట్లు పట్టేది. నాలుగో రోజున సుభాషిణి కడుపు పట్టుకుని బెంచీ మీద కూర్చుండిపోయింది. ఇన్‌స్పెక్టరు వచ్చి ఆ పిల్ల చేతిలో నోటీసు పెట్టాడు. ఆ పిల్ల దాన్ని మడిచి పలక వెనక దాచుకుంది.

ఆరోజు టీచరు పిల్లల్ని తిరిగి బట్టీ సందుకు తీసుకొచ్చింది. బట్టీ మండుతోంది. పిచ్చేశ్వరరావు గారు గేటు దగ్గర కుర్చీ వేసుకుని ఉన్నారు.

"ఏం టీచరమ్మా, వచ్చేశారే? పిల్లలకి స్టిక్కర్లంట గదా! నాకు చూడండి, నాలుగు గంటలు. నాలుగ్గంటల్లో ఏం కరిగిస్తాను? కూలోళ్లు ఊరుకోరు. మీ పనే బాగుంది. వేళా లేదు, వర్జ్యం లేదు."

టీచరు అప్పటిదాకా ఎవరి మీదా గొంతు లేపలేదు.

"అయితే మీరూ అంటించుకోండి! ఆ బట్టీని లారీ ఎక్కించి ఊరంతా ఊరేగండి! పిల్లలకి ఇచ్చిన వాళ్లు మీకు ఇవ్వరా?"

అది తిట్టు. పిచ్చేశ్వరరావు గారు తిట్టుగా తీసుకోలేదు. కుర్చీలో ముందుకు వంగి, "ఇస్తారంటారా?" అన్నారు.

వారం తిరక్కుండా బట్టీని పదహారు చక్రాల లారీ మీదికి ఎక్కించారు. ఇటుకలు పేర్చి, చుట్టూ ఇనప పట్టీలు బిగించి, గొట్టం నిటారుగా నిలబెట్టారు. పొగ పరీక్షకు తెచ్చారు. ఇన్‌స్పెక్టరు కింద ఉన్న గొట్టం చూశాడు, పైన ఉన్న గొట్టం చూశాడు, చేతిలో ఫారం చూశాడు. ఫారంలో ఒక గొట్టానికే గడి ఉంది. కింది దానికి పరీక్ష చేసి పచ్చ స్టిక్కరు అంటించాడు.

పిచ్చేశ్వరరావు గారు చట్టానికి ఎదురుపోయే మనిషి కారు. పంచాంగం తెరిచి, ఖాళీ ఎక్కడ ఎక్కువ ఉందో చూసుకున్నారు. పిల్లలు వెనక్కి పోయాక కాలనీ కాగితం మళ్లీ తెల్లబడింది. మర్నాడు ఉదయం ఆరింటికి బట్టీ లారీ ఆఫీసర్ల కాలనీలోకి వచ్చింది. నిలిస్తే నేరం కనుక నిలవలేదు. నడక వేగంతో పార్కు చుట్టూ తిరిగింది. వేళకు నడకకు వచ్చే ఆఫీసర్లు మొదట దాని వెనక నడిచారు, కాసేపటికి దాని ముందు నడిచారు, ఆ తరువాత నడవలేదు. నేను డాబా మీద నుంచి చూస్తున్నాను. వామనమూర్తి గారు తెల్ల టోపీ పెట్టుకుని గేటు తీసి బయటికొచ్చారు. దగ్గు వచ్చింది. లోపలికి వెళ్లి టోపీ దులుపుకుని మళ్లీ వచ్చారు.

"ఎవరయ్యా నువ్వు? ఇక్కడికి ఎందుకొచ్చావు?"

డ్రైవరు కిటికీలోంచి పసుపు అట్ట చూపించాడు. "మీ పంచాంగంలో ఉంది సార్. ఇక్కడే అన్నిటికన్నా తక్కువంట."

ఆయన పుస్తకం తీసుకుని తన సంతకం చూసుకున్నారు. తిరిగి ఇచ్చేశారు.

బట్టీ సందులో ఆ వారం నా కాగితాలు తెల్లగా వచ్చాయి. బడి తొమ్మిది నుంచి నాలుగు దాకా నడిచింది. సుభాషిణి మధ్యాహ్నం అన్నం పూర్తిగా తిన్నదని టీచరు నాతో రెండుసార్లు చెప్పింది. ఒకసారి చెప్పినట్టు గుర్తు లేక కాదు.

కాలనీలో మూడో రోజుకి అత్యవసర సమావేశం పెట్టారు. ఒక సభ్యుడు పంచాంగం రద్దు చేద్దామన్నాడు. డైరెక్టరు గారు రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని తల అడ్డంగా ఊపారు.

"శాస్త్రం తప్పు కాదు. స్థలాల జాబితా అసంపూర్ణం." నా వైపు తిరిగారు. "ఏమయ్యా, నగర పరిధిలో యంత్రం లేని చోటు ఏదైనా ఉందా?"

"ఊటవాగు సార్. కిందటేడు నగరంలో కలిపారు."

"అక్కడ సీసం ఎంత?"

"తెలియదు సార్."

"తెలియదు అనగా నమోదు కాలేదు. నమోదు కాలేదు అనగా లేదు. లేదు అనగా సున్నా." బల్ల మీద వేలితో గుండ్రంగా సున్నా గీశారు. సభ్యులు బల్లలు చరిచారు. ఈసారి కూడా నా చేతుల్లో కవర్లున్నాయి.

సాయంత్రానికి సవరణ పంచాంగం వచ్చింది. అత్యల్ప సీస స్థలం ఊటవాగు, సర్వకాలాల్లోనూ సున్నా. లారీ అటు వెళ్లిపోయింది. బట్టీ సందులో ఇక బట్టీ లేదు కనుక అక్కడి యంత్రం అనవసరమని కూడా ఉత్తర్వు వచ్చింది. 'యంత్రమును పాఠశాల డాబా నుండి దించి, తగిన సురక్షిత స్థలమున ఉంచవలెను.' ఎక్కడ అని రాయలేదు.

పెట్టె దించుతుంటే టీచరు మెట్ల దగ్గర నిలబడి చూసింది.

"బాబాయ్, ఆ లారీ ఎక్కడికి పోయింది?"

"ఊటవాగు."

"అక్కడ బడి ఉందా?"

"ఉందమ్మా. రోడ్డు పక్కనే."

ఆవిడ సుభాషిణిని పిలిచి, పెట్టెకు కట్టిన తాడు ఒక కొస పట్టుకోమంది. రెండో కొస తను పట్టుకుంది. ముగ్గురం కలిసి ట్రాలీ ఆటోలోకి ఎక్కించాం.

ఊటవాగు బడి రేకుల షెడ్డు. పక్కన పంచాయతీ ఉన్నప్పటి సిమెంటు గది ఉంది. దాని డాబా మీద పెట్టె పెట్టి తీగ కలుపుతుంటే గేదెలు తోలుకుపోతున్న ఒక ముసలామె ఆగింది.

"ఏందయ్యా ఇది? మైకా?"

"గాలి చూసే పెట్టె."

"గాలి చూసేదేముంది, కనపడతానే ఉంది గదా! ఆ లారీ వచ్చిన కాడ నుంచి ఊరు చుట్టూతా గానుగెద్దు మాదిరి తిరుగుద్ది. నా గేదె గడ్డి ముట్టట్లా. పిల్లకాయలు దగ్గుతున్నారు. నువ్వు చూసి ఏం చేస్తావు?"

"కవరు మీద ఊరి పేరు రాస్తానమ్మా."

"రాస్తే?"

"అచ్చేస్తారు."

ఆమె గేదెను అదిలించుకుని వెళ్లింది. నేను పదిహేను రోజులు అక్కడే కాగితాలు మార్చాను, మధ్యలో సైకిల్ తొక్కుకుంటూ వెళ్లి కాలనీవి కూడా మార్చాను. అక్కడి ప్రతి కవరు మీదా ఊటవాగు, వేళ, తేదీ గుండ్రంగా రాశాను. ల్యాబువాళ్లు అడగలేదు. వాళ్లకి కవరు వస్తే చాలు. కాగితాలు నేను ఇంతవరకు చూసిన వాటిలో అన్నిటికన్నా బరువుగా ఉన్నాయి.

పదహారో రోజున కొత్త పంచాంగం వచ్చింది. ఊటవాగు పేరు జాబితాలో అట్టడుగు నుంచి అగ్రభాగానికి పోయింది. అన్ని వేళలా సీస వర్జ్యం. యంత్రం దించేశారు కనుక బట్టీ సందు పేరు జాబితాలోనే లేదు. అట్టడుగున ఆఫీసర్ల కాలనీ తెల్లగా మిగిలింది. డైరెక్టరు గారు చదివారో లేదో నాకు తెలియదు. సంతకం మాత్రం ఆయనదే.

ఆ సాయంత్రం కవర్లు సంచిలో వేసుకుని ఊటవాగు నుంచి వస్తుంటే లారీ ఎదురుగా వచ్చి, నిలవకుండానే నెమ్మదించింది. గొట్టం చల్లగా ఉంది. డ్రైవరు కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"అన్నా, రేపు ఆరింటికల్లా ఆఫీసర్ల కాలనీలో ఉండాలంట. ఇక్కడి నుంచి మెయిన్ రోడ్డు మంచిదా, కాలవ కట్ట మంచిదా?"

"కాలవ కట్టే," అన్నాను. "మలుపులుండవు. నేరుగా డైరెక్టరు గారి గేటు దగ్గర తేలతావు."